స్టాంపులావిడ గడ్డం

టైలరు షాపు పైన ఉన్న ఆ ఫోటో స్టూడియోకి రెండు మొహాలు. కింద, వీధివైపు అద్దాల బీరువాలో పెళ్ళిజంటలు, బోసినవ్వుల పసిపిల్లలు. పైన, తెర వెనక గోడమీద మాత్రం ఫోటోగ్రాఫరు మనసు పారేసుకున్న మనుషులు: ఒళ్ళంతా పచ్చబొట్లున్న లారీ డ్రైవరు, మూడడుగుల మేజిషియను, విరిగిన బొమ్మలతో ఇల్లు నింపుకున్న ముసలాయన.

"అందరూ తీసే మొహాల్లో కళేముంది? లోకం పక్కకి నెట్టినవాళ్ళ దగ్గరే అసలు కళంతా ఉంది" అని అతని వాదన. వినేవాళ్ళు దొరికితే గంటసేపు వదిలేవాడు కాదు. కంప్యూటరు ముందు కూర్చుని మచ్చలూ మొటిమలూ చెరిపే పని అతని భార్యది. "మీ గోడ మనకి అన్నం పెట్టదండీ, మొటిమలే పెడతాయి" అనేది ఆమె.

ఒక మధ్యాహ్నం, వాన వెలిశాక, పోస్టాఫీసులో స్టాంపులమ్మే ఆవిడ మెట్లెక్కి వచ్చింది. ఊళ్ళో అందరికీ ఇరవై ఏళ్ళుగా తెలిసిన మనిషే. మొహం సగందాకా శాలువా చుట్టుకుంది.

"ఫోటో తీయించుకోవాలి మాస్టారూ. కంగారు పడకండి" అని శాలువా తీసింది.

చెంపల నిండా నల్లగా, అక్కడక్కడా నెరిసి, చక్కగా దువ్విన గడ్డం. ఫోటోగ్రాఫరు నోరు తెరిచి, మూయడం మరిచిపోయాడు.

"పదహారో ఏటనుంచీ వస్తోంది. రోజూ గీసుకోవడం, పౌడరు పూసుకోవడం. మొన్ననే యాభై నిండాయి. నా అసలు మొహం ఎలా ఉంటుందో నాకే తెలీదే అనిపించి ఆరు వారాలు సెలవు పెట్టేశాను. ఇదిగో, ఇలా ఉంటుందట!" అంది, పక్కింటివాళ్ళ సంగతి చెబుతున్నట్టు.

అతనికి ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళకి తన గోడకో రాణి దొరికింది. నల్లతెర దించాడు. లైట్లన్నీ ఆర్పి, ఒక్కటే పక్కనుంచి పెట్టాడు. "నవ్వకండి. దూరంగా చూడండి. కాస్త బాధగా... ఆఁ, అలా" అంటూ ఆవిణ్ణి కదలనివ్వలేదు. సగం మొహం చీకట్లో ఉంది, గడ్డం మీద మాత్రం వెలుగు పడింది. కెమెరా తెరమీద చూసుకుని తెగ మురిసిపోయాడు.

స్టాంపులావిడ ముందుకు వంగి చూసింది.

"బాగా తీశారు" అంది. "మీ పనితనం కనిపిస్తోంది, గడ్డం కనిపిస్తోంది. నేనే ఎక్కడా లేను."

అతని మొహం మాడిపోయింది. "అది కాదమ్మా, మీలాంటివాళ్ళ బాధ..."

"నాకేం బాధ? రోజూ పొద్దున్నే చర్మం మండటం తప్ప! ఆరు వారాలుగా అదీ లేదు." ఆవిడ గోడవైపు చూసింది. "వీళ్ళందరినీ కూడా నవ్వొద్దన్నారా?"

కంప్యూటరు ముందున్న భార్య కిసుక్కున నవ్వింది. ఫోటోగ్రాఫరు గోడకేసి తిరిగాడు. నిజమే. ఆ మేజిషియను నోరు విప్పితే వినేవాళ్ళ పొట్ట చెక్కలయ్యేది, గోడమీద మాత్రం ఇంట్లో ఎవరో పోయినట్టున్నాడు. ఇన్నేళ్ళూ తనూ వాళ్ళని లోకం చూసినట్టే చూశాడేమో, కాకపోతే మంచి లైటింగుతో! చెవులు వేడెక్కాయి.

"మరెలా తీయమంటారు?" అన్నాడు గొంతు తగ్గించి.

"రిటైరైనప్పుడు మా పెద్దక్కకి తీశారే, అలాగే."

నల్లతెర పైకి లేచింది, కిటికీలు తెరుచుకున్నాయి. కడిగినట్టున్న వెలుతురు గదంతా పరుచుకుంది. భార్య తన పూసలదండ తీసి ఆవిడ మెడలో వేసి, కాస్త తటపటాయించి, "దువ్వమంటారా వదినా?" అంది.

"దువ్వమ్మా, చక్కిలిగిలి పెట్టకుండా."

దువ్వెన అలా తగిలిందో లేదో, ఆవిడ భుజాలు ఎగిరిపడేలా నవ్వేసింది. ఫోటోగ్రాఫరు కెమెరా కంటిదాకా ఎత్తకుండానే నొక్కేశాడు.

ఫోటో కాస్త వంకరగా వచ్చింది. మూలన భార్య చెయ్యి కూడా పడింది. కానీ నవ్వు ఆపుకోలేకపోతున్న యాభై ఏళ్ళ మనిషి అందులో ఉంది. ముక్కూ చెవులూ ఉన్నట్టే గడ్డమూ ఉంది.

"ఆ చెయ్యి చెరిపేయనా?" అంది భార్య, అలవాటుకొద్దీ.

"వద్దు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఇదెక్కడ పెడతారు?" అని ఆవిడ అడిగితే, అతను గోడవైపు చెయ్యి చూపించబోయి నాలుక కరుచుకున్నాడు.

"కింద బీరువాలో. మీకు అభ్యంతరం లేకపోతే."

ఆవిడ శాలువా మడిచి చంకన పెట్టుకుంది. "సోమవారంనుంచి డ్యూటీ. క్యూలో నన్ను చూసి హడలిపోయేకంటే, జనం ముందే ఇక్కడ చూసుకుంటే నాకూ శ్రమ తప్పుతుంది. పెట్టేయండి."

ఆ వారం వీధిలో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఒక పెళ్ళివారైతే తమ జంట ఆవిడ పక్కన ఉండకూడదని తమ ఫోటోని బీరువాలోంచి తీసేయించారు. ఆ ఖాళీలోకి మేజిషియను దిగి వచ్చాడు. అతన్ని పిలిచి మళ్ళీ తీశారు, ఈసారి కెమెరా భార్య పట్టుకుంటే, అతను ఫోటోగ్రాఫరు చెవిలోంచి నాణెం లాగుతుండగా. ఎదురుసందు మంగలి వచ్చి తీరిగ్గా చూసి, "అంచులు సరిచెయ్యాలి. ఆవిణ్ణి మా షాపుకి రమ్మనండి" అని చెప్పి వెళ్ళాడు.

సోమవారం ఫోటోగ్రాఫరుకి స్టాంపులతో పనేమీ లేదు. అయినా వెళ్ళి క్యూలో నిలబడ్డాడు. ఇద్దరు కాలేజీ పిల్లలు గుసగుసలాడుకుంటున్నారు. అతని ముందున్న ముసలాయన కళ్ళజోడు సర్దుకుని ఆవిణ్ణి తేరిపార చూశాడు.

"ఇన్నాళ్ళు ఎక్కడికి పోయావమ్మా? నీ బదులు కూర్చున్నవాడు తక్కువ స్టాంపులు అంటించాడు. నా ఉత్తరం తిరిగొచ్చింది!"

"ఏదీ, ఇలా ఇవ్వండి బాబాయిగారూ" అంది ఆవిడ గడ్డం నిమురుకుంటూ.

వెనకవాళ్ళు భుజం తట్టి "కదలండి సార్" అనేదాకా ఫోటోగ్రాఫరు చూస్తూ నిలబడిపోయాడు.