నలభై ఒకటో గొట్టం

నేను ఒక తూటా గొట్టాన్ని. ఇత్తడి దాన్ని. సన్నని మెడ, దాని కింద ఏటవాలు భుజం, ఆ కింద ఒళ్ళు. కడుపులో మందు, నోట్లో గుండు పెడితే తూటానవుతాను. పేలాక మళ్ళీ వట్టి గొట్టాన్నే. మనుషులు మాత్రం ఎప్పుడూ గుండు గురించే మాట్లాడుకుంటారు. అదేముంది, ఒక్కసారి పోతే మళ్ళీ రాదు. తిరిగొచ్చి మళ్ళీ దెబ్బలు తినేది మేమే.

కర్మాగారంలో చిన్న బిళ్ళగా పుట్టి, దెబ్బ మీద దెబ్బతో గొట్టంగా సాగాను. నా మొదటి యజమాని ఒక డాక్టరు గారు. మమ్మల్ని నాలుగుసార్లు పేల్చి, కళ్ళు మసకబారాక డబ్బాతో సహా విజయనగరం శివార్లలోని ఒక రైఫిల్ క్లబ్బుకి ఇచ్చేశారు. నలభై ఒక్కరం జనార్దన్ చేతిలో పడ్డాం.

జనార్దన్ పాలిటెక్నిక్‌లో లేత్ పని నేర్పుతాడు. కొలతల మనిషి. ఉప్మాలో ఉప్పు కూడా కొలిచి వేసే రకం. అతని భార్య గౌరీశ్వరి షూటరు. క్లబ్బుకి ఉన్న మంచి రైఫిల్ ఒక్కటే. ఆదివారం పోటీలో నెగ్గినవాళ్ళకే ఏడాదిపాటు దాన్ని ఇస్తారు. అది దక్కకపోతే గౌరి రాష్ట్ర జట్టు ఆశ వదులుకోవలసిందే. ఆమెకు ముప్పై తొమ్మిదేళ్ళు. ఇంకా ఎన్నేళ్ళు ఆగుతుంది?

మేము పేలినప్పుడల్లా ఉబ్బుతాం. జనార్దన్ మమ్మల్ని అచ్చులో నొక్కి పాత కొలతకు తెచ్చి, మళ్ళీ మందు నింపుతాడు. ఏడు కాల్పులు దాటాక గొడవ మొదలైంది. తూటాను లోపలికి తోసే రైఫిల్ బోల్టు ముందుకు వెళ్తుంది గానీ దాని పిడి కిందికి దిగదు. గౌరి అరచేత్తో బలంగా నొక్కాలి. నొక్కితే ఒళ్ళు కదులుతుంది, కదిలితే గురి చెదురుతుంది. బుధవారం నాటి కాగితం మీద చిల్లులు చూసి ఆమె బల్ల మీద కూర్చుండిపోయింది.

జనార్దన్ తుపాకీలో తూటా కూర్చునే గదిని తోమాడు. బోల్టుకి గ్రీజు పూశాడు. గుండును ఇంకాస్త లోపలికి దింపాడు. అచ్చును కిందికి బిగించి మమ్మల్ని మరింత నొక్కాడు. అబ్బా, నా భుజం! నొక్కినంతసేపూ వంగుతుంది, వదలగానే వెంట్రుకవాసి పైకి లేస్తుంది. పిడికి అడ్డం పడుతున్నది ఆ వెంట్రుకవాసే. నాకు తెలుసు. నోరుంది, అందులోంచి మాట రాదు. ఆ నాలుగు రోజులూ నేను పడ్డ ఏడుపు పగవాడికి కూడా వద్దు.

అసలు కడుపుమంట అది కాదు. ఆ క్లబ్బులో ఇంకొకరికి కూడా తెలుసు.

గౌరి తండ్రి అప్పలాచారి పాలకొండ వైపు చెంబులూ బిందెలూ చేసే కంచరి. కూతుర్ని చూడటానికి వచ్చి, రోజూ క్యారియరు పట్టుకుని క్లబ్బుకి వస్తున్నాడు. మొదటి రోజు జనార్దన్ మమ్మల్ని పళ్ళెంలోకి ఒంపగానే ఆ చప్పుడుకి ముసలాయన తల చటుక్కున లేచింది.

"గట్టిగా మోగతన్నాయి బాబూ" అన్నాడు.

"మంచి ఇత్తడి కదా మావయ్యా!" అని జనార్దన్ నవ్వాడు.

అంతే, ఆయన తల దించుకున్నాడు. అల్లుడికి పని చెప్పడమా! కన్యాదానం చేసి కాళ్ళు కడిగిన చెయ్యి, వేలెత్తి చూపిస్తుందా? మర్యాద అనే పదార్థం ఇత్తడి కంటే గట్టిది. దాన్ని ఏ అచ్చూ వంచలేదు.

శనివారం మధ్యాహ్నం గౌరి రైఫిల్‌ని బల్ల మీద పెట్టేసింది. అరచెయ్యి బొబ్బలెక్కింది. "నా వల్ల కాదండీ. రేపు నేను రాను" అంది. ఏడ్చేసింది. జనార్దన్ కొలతల పుస్తకం మూసి, తల పట్టుకున్నాడు.

ముసలాయన లేచాడు. పళ్ళెంలోంచి ఖాళీగా ఉన్న నన్ను తీసుకుని క్యాంటీన్ పొయ్యి దగ్గరికి నడిచాడు. చెంబును కాల్చినట్టే నన్ను నిలువునా ఎర్రగా కాల్చి, నీళ్ళలో వేశాడు. అచ్చులో నొక్కించి, కూతురి చేతికిచ్చాడు. ఆమె నన్ను రైఫిల్లో పెట్టి నొక్కగానే పిడి వెన్నలోకి దిగినట్టు దిగింది.

"ఇత్తడి అలిసిపోనాది బాబూ" అన్నాడు అల్లుడి మొహం చూడకుండా. "దెబ్బలు తిని తిని పెళుసెక్కిపోనాది. కాలిస్తే మెత్తబడి, సెప్పినట్టు ఇంటాది."

జనార్దన్ ఎగిరి గంతేసినంత పనిచేశాడు. అంతలోనే నన్ను తిప్పి చూసి పాలిపోయాడు. "మావయ్యా, అడుగు కూడా కాలిపోయింది! అడుగు మెత్తబడితే మందు దెబ్బకి ఆగదు. వెనక్కి చీలి గౌరి ముఖం మీదికొస్తుంది."

ముసలాయన పళ్ళెంలో నీళ్ళు పోయించాడు. మిగతా నలభై మందినీ ఒళ్ళు మునిగేలా నిలబెట్టి, ఊదుగొట్టంతో మెడకీ భుజానికీ మాత్రమే సెగ తగిలించాడు. అడుగులన్నీ నీళ్ళలో చల్లగా ఉన్నాయి. నేను పక్కన పడి చూస్తూ ఉన్నాను. ఇక నాలో ఎవరూ మందు పొయ్యరు.

ఆదివారం పోటీకి నలభై తూటాలు. అదనంగా ఒక్కటీ లేదు, నన్ను కాల్చేశారు కదా. నేను అప్పలాచారి పిడికిట్లో ఉన్నాను. ఆయన పేలుడు వినలేదు, పిడి దిగే చప్పుడే విన్నాడు. ముప్పై ఏడో తూటా దగ్గర గౌరి ఆగింది. ముసలాయన చెమటకి నేను జారిపోబోయాను. ఆమె కన్ను తుడుచుకుంది, అంతే. పిడి దిగింది. నలభైసార్లూ దిగింది. రైఫిల్ ఆమెకే వచ్చింది.

అందరూ చప్పట్లు కొడుతుంటే జనార్దన్ మామగారి పక్కకొచ్చాడు. "మొదటి రోజే తెలిసింది కదూ మావయ్యా మీకు? ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"మీరు అడగనేదు బాబూ."

జనార్దన్ వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

ఇప్పుడు నేను పాలకొండ వైపు ఆ కంచరి కొట్లో, చిల్లుపడ్డ బిందెల మధ్య, పాత ఇత్తడి గంపలో ఉన్నాను. కొలిమి రాజేసినప్పుడల్లా ముసలాయన నన్ను తీసి గోటితో మీటుతాడు. నేను మొద్దుగా పలుకుతాను. తిరిగి గంపలో వేస్తాడు. ఏదో ఒక రోజు వెయ్యడు, కరిగించే మూసలో పడేస్తాడు. నా నలభై మంది అన్నదమ్ములూ క్లబ్బులో ఇంకా పేలుతున్నారు. నేనూ పేలాలనుకున్నాను. ఆ శనివారం పొయ్యి మీద పెట్టేముందు, నన్నూ ఎవరూ అడగలేదు.