ట్రంకుపెట్టె ఒప్పుకోనివి

సెలవంటే పేరుకే సెలవు. సముద్రం అవతల మూడేళ్ళు పనిచేసి వచ్చిన పాస్టరు కుటుంబానికి ఆరు నెలలు విశ్రాంతి అని మిషన్ కమిటీ వాళ్ళ కాగితంలో రాసి ఉంటుంది. ఆ కాగితం రాసినవాళ్ళే ప్రతి ఆదివారం ఒక్కో చర్చికి పంపిస్తారు. అక్కడ పాస్టరు తెర మీద బొమ్మలు చూపించి మాట్లాడాలి. నర్సు అయిన అతని భార్య అవతలి ఆసుపత్రిలో మందులు ఎంత తక్కువో చెప్పాలి. ఆరేళ్ళ కూతురు అక్కడి భాషలో ఒక పాట పాడాలి. ముక్కు మీదే కోపం కాబట్టి ఆ పిల్లను ఇంట్లో మిరపగింజ అంటారు. పాట అయిపోగానే అందరూ వచ్చి దాని బుగ్గలు గిల్లుతారు. ఇప్పటికి ఇరవై రెండు చర్చిల్లో గిల్లించుకుంది.

ఉండే ఇల్లు కూడా కమిటీదే. ముందు ఉండి వెళ్ళిన కుటుంబాలు వదిలేసిన సామానే అందులో ఉంది. ఏ రెండు కప్పులూ ఒక జతవి కావు. వంటింటి గుమ్మం మీద ఎవరి పిల్లలవో ఎత్తులు పెన్సిలుతో గీసి ఉన్నాయి. గోడకు మేకు కొట్టాలన్నా కమిటీ కార్యదర్శిని అడగాలి. అందుకే నర్సు ఆ గోడలకు ఏమీ తగిలించలేదు.

వాళ్ళ సొంతమని చెప్పుకోదగ్గది ట్రంకుపెట్టె ఒక్కటే. ముప్ఫై ఏళ్ళు అవతల పాఠాలు చెప్పి రిటైరైన పెద్ద టీచరమ్మ దాన్ని వాళ్ళ పెళ్ళికి బహుమతిగా ఇచ్చింది. ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన పెద్ద రేకుపెట్టె. దానికొక పద్ధతి ఉంది. వెళ్ళి తిరిగొచ్చే వస్తువులనే అది ఉంచుకుంటుంది. రానిదాన్ని, పాలు పొంగేపాటి సమయం లోపే, మడత చెడకుండా పక్కన నేల మీద పెట్టేస్తుంది. ఎవరికైనా ఇద్దామని కొన్నవి అందులో అస్సలు సర్దలేరు, వాటికి అట్టపెట్టెలే గతి. పోయినసారి పాస్టరు చెప్పుల్లో ఎడమది మాత్రం బయట పెట్టింది. ఆయన పెట్టెతో వాదం వేసుకుని ఆ చెప్పును చేతిసంచిలో పెట్టుకుని వెళ్ళాడు. రెండో నెలలోనే వాగు దాటుతుంటే అది కొట్టుకుపోయింది. కుడిది మాత్రం మిగతా కాలమంతా భద్రంగా పెట్టెలో ఉండి, జత లేకుండా ఇంటికి తిరిగొచ్చింది.

అందువల్ల, ప్రయాణం ఇంకా పది రోజులుందనగా, నర్సు మిరపగింజ నీలం గౌను పెట్టెలో పెట్టి ఇటు తిరిగి అటు చూసేసరికి అది నేల మీద కనిపిస్తే కంగారేమీ పడలేదు. చిరుగుతుంది కాబోలు అనుకుంది. పసుపు గౌను పెట్టింది. అదీ బయటికొచ్చింది. పిల్లలు పెరుగుతారు కదా అని రెండు సైజులు పెద్ద గౌను కొనితెచ్చి పెట్టింది. అదీ అంతే. మేజోళ్ళు, రిబ్బన్లు, ఒక చెవి లేని గుడ్డ కుందేలు, చివరికి పలక. సాయంత్రానికి మిరపగింజ వస్తువులన్నీ పెట్టె పక్కన వరసగా ఉన్నాయి. పాస్టరు చొక్కాలు, నర్సు తెల్ల కోట్లు మాత్రం లోపల నిశ్చింతగా ఉన్నాయి.

నర్సుకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆమె జ్వరాలు చూసింది, కాన్పులు చూసింది, ఒక్క చేత్తో లాంతరు పట్టుకుని ఇంకో చేత్తో కుట్లు వేసింది. అలాంటి మనిషి ఒక పలకను చూసి గోడకు ఆనుకుని కూలబడింది.

పాస్టరు వచ్చి చూశాడు. ఆయన దగ్గర దేనికైనా ఒక సమాధానం ఉంటుంది. ఆ పూట వెతుక్కోవాల్సి వచ్చింది.

"అన్నీ పాడైపోతాయేమోనే. అక్కడ చెమ్మ ఎక్కువ కదా."

"మీ చొక్కాలకు పట్టని చెమ్మ పిల్ల పలకకు పడుతుందా అండీ?"

ఆయన పలకను తీసి మళ్ళీ పెట్టెలో పెట్టబోయాడు.

"నేను రాను. పిల్లను తీసుకెళ్ళను. మీరు వెళ్తానంటే వెళ్ళండి, చెయ్యి పట్టుకుని ఆపను," అంది నర్సు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ మాట అనడం. ఆయన పెట్టె అంచు మీద కూర్చుని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

పిల్ల ముందు ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. మిరపగింజ గదిలోకి వస్తే మాట మార్చేసేవాళ్ళు. ఆ నాలుగు రోజులూ నర్సు పిల్ల వెంటే తిరిగింది. స్నానం చేయిస్తూ ఒళ్ళంతా తడిమి చూసింది. నిద్రలో దగ్గితే లేచి కూర్చుంది. అన్నం రెండు ముద్దలు ఎక్కువ తింటే సంతోషపడింది, ఒక ముద్ద తగ్గితే ఏడ్చింది. ఆ పిల్లను మాత్రం ఏమీ అడగలేదు. ఇలాంటి కుటుంబాల్లో ఎవరూ అడగరు. ఏ దేశానికి వెళ్ళాలో, ఎప్పుడు రావాలో పెద్దవాళ్ళు, వాళ్ళ పైన కమిటీ తేలుస్తారు. పిల్లలు సామానుతో పాటు వెళ్ళేవాళ్ళే.

ఐదో రోజు మధ్యాహ్నం మిరపగింజ తనంతట తనే పెట్టె దగ్గరికొచ్చింది. నేల మీది వస్తువులు చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇవన్నీ ఇంకా అట్టపెట్టెలో సర్దలేదేంటమ్మా? ఇవన్నీ ఆ బోసినోటిదానికే కదా!"

బోసినోటిది అంటే అవతల వాళ్ళ పక్కింటి పిల్ల. ముందుపళ్ళు రెండూ ఊడిపోయాయి.

"దానికెందుకే?"

"వాళ్ళిల్లు వరదలో పోయిందని ఉత్తరం వచ్చింది కదా. నా గౌన్లన్నీ దానికి ఇచ్చేస్తానని వెంటనే బొమ్మ గీసి మీ జవాబు కవర్లో పెట్టేశాను. పలక కూడా. కుందేలు కూడా, కానీ దాన్ని రాత్రిపూట నేను తీసుకుంటాను."

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు."

పాస్టరు విరగబడి నవ్వాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ నవ్వాడు. తాడును చూసి పామనుకుని నాలుగు రోజులు మంచమెక్కి కూర్చున్నామన్నాడు. నర్సు కూడా నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. నాలుగు రోజులు లోపల పేరుకున్న భయం ఒక్క మాటకు దిగిపోదు.

"గౌన్ల సంగతి సరే. పిల్ల సంగతి?" అంది.

మనిషిని పెట్టెలో పెట్టి చూడాలని అంతకు ముందు ఎవరికీ తోచలేదు. నర్సు తన తెల్ల కోట్లు ఒక పక్కకు జరిపి, దుప్పటి పరిచి, కాసేపు ఇందులో పడుకుంటావా అని అడిగింది. మిరపగింజకు అంతకన్నా కావాల్సిందేముంది? మోకాళ్ళు ముడుచుకుని, కుందేలును పట్టుకుని పడుకుంది. పాస్టరు ఆ పక్కన, నర్సు ఈ పక్కన కూర్చున్నారు. పాలు ఒకసారి పొంగేపాటి సమయం గడిచింది. పదిసార్లు పొంగేపాటిదీ గడిచింది. కుందేలు బయటికొచ్చి నేల మీద కూర్చుంది. పిల్ల మాత్రం లోపలే నోరు తెరుచుకుని నిద్రపోయింది.

"చూశావా!" అని గుసగుసగా అని, పాస్టరు కార్యదర్శికి ఫోన్ చేయడానికి వెళ్ళాడు.

నర్సు గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. పిల్ల నుదుటి మీద జుట్టు సర్దుదామని వంగింది. అందక, ఒక కాలు పెట్టెలో పెట్టింది. మరుక్షణం ఆ కాలు నేల మీద ఉంది. జారిందనుకుని మళ్ళీ పెట్టింది. ఈసారి తెలిసింది. నిండు గ్లాసును తొణక్కుండా దించినట్టు ఏదో ఆమె పాదాన్ని ఎత్తి బయట పెట్టింది. రెండో కాలు పెట్టి చూసింది. చెయ్యి పెట్టి చూసింది. అన్నిటినీ అంతే మర్యాదగా బయట పెట్టింది. తెల్ల కోట్లు లోపలే ఉన్నాయి. కోట్లు తిరిగొస్తాయి. వాటిని మోసుకొచ్చేది తను కాదు.

ఆమె భయం అరుపుగా రాలేదు. పక్క గదిలో భర్త ఫోన్లో అంటున్నాడు, "అంతా సర్దుకున్నట్టేనండీ. భయపడ్డాం కానీ ఏమీ లేదు."

పిల్ల కోసం ఎవరినైనా ఎదిరించేది. తన కోసం అనేసరికి ఆ మాట గొంతు దాటలేదు. అవతలి ఆసుపత్రిలో ఇంకో నర్సు లేదు. తను వెళ్ళనంటే ఆయనా ఆగిపోతాడు. తన ప్రాణం కోసం ఆయన పని పాడు చేసిందంటారు. ఎవరూ అనకపోయినా తనకే అనిపిస్తుంది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. పాత నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టింది. మిరపగింజకు జలుబు చేస్తే ఏ మందు ఎన్ని చుక్కలు. జడ వేసేటప్పుడు కుడివైపు నుంచి మొదలుపెట్టకపోతే ఏడుస్తుంది. అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి. పదేళ్ళొచ్చాక ఏం చెప్పాలి, పన్నెండేళ్ళకు ఏం చెప్పాలి. పన్నెండు దగ్గర ఆగిపోయింది. ఆ వయసులో కూతురు ఎలా ఉంటుందో ఊహకు అందలేదు.

వీడ్కోలు ఆదివారం చర్చి నిండిపోయింది. పిల్లతో పాట పాడించారు, బుగ్గలు గిల్లారు. కార్యదర్శి మైకు పట్టుకుని వంగి అడిగాడు.

"ఏం పాపా, అంతా సర్దుకున్నారా?"

"ఆఁ, అన్నీ సర్దేశాం," అంది మిరపగింజ. "అమ్మనొక్కదాన్నే పెట్టె పట్టుకోవడం లేదు. నేను ఒక కన్ను తెరిచి చూశా. కాలు పెడితే తీసి బయట పెట్టేసింది, చెయ్యి పెడితే చెయ్యి."

చర్చిలో ఎవరూ హాహాకారాలు చేయలేదు. పెద్ద టీచరమ్మ ముందు వరసలో కూర్చుని తల ఊపింది. కార్యదర్శి జేబులోంచి పెన్ను తీసి, చేతిలోని ప్రయాణం కాగితం మీద మూడు పేర్లూ కొట్టేశాడు. "అయితే వేరేవాళ్ళను చూడాలి," అన్నాడు, వానొస్తే సభ లోపల పెట్టుకుందాం అన్నంత మామూలుగా.

పాస్టరు ఒక్కడే కదల్లేదు. అందరూ వెళ్ళాక బల్లల మధ్య భార్య ఎదురుగా నిలబడ్డాడు.

"ఎన్ని రోజులైంది?"

"రెండు."

"నాతో చెప్పలేదు."

"చెబితే ఆగిపోతారని."

"ఆగకపోతే నేనేం మనిషినే?" అన్నాడు. ఇరవై మూడు చర్చిల్లో వణకని గొంతు అప్పుడు వణికింది. ఆయన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ప్రయాణానికి ముందు పరీక్షలన్నీ చేసి, అంతా బాగుందని సంతకం పెట్టిన డాక్టరే ఆయన. మళ్ళీ ఎందుకొచ్చారని అడిగితే నర్సు పెట్టె సంగతి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"కాలొక్కటేనా, చెయ్యి కూడానా?"

"రెండూ."

"అయితే పూర్తిగా చూడాలి," అని బల్ల ఎక్కమన్నాడు. ఈసారి తొందరపడలేదు. గంట తర్వాత ఎడమ చంక కింద, శనగగింజ కన్నా చిన్నది, ఆయన వేలికి తగిలింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడినట్టు, వందమంది ఆడవాళ్ళను అలాగే తడిమి చూసిన నర్సు తనను తాను చూసుకోలేదు. అవతల ఉండి ఉంటే ఇది తేలేసరికి ఏడాది పట్టేదనీ, అప్పటికి చేయగలిగింది ఉండేది కాదనీ డాక్టరు చెప్పాడు.

అట్టపెట్టె మాత్రం అనుకున్న రోజుకే వెళ్ళిపోయింది. అందులో గౌన్లు, పలక, ఇక రాత్రిపూట తీసుకోవడానికి వీల్లేదని మిరపగింజ ఏడ్చి ఏడ్చి చివరికి ఒప్పుకున్నాక, కుందేలు.

కోత పెట్టారు, మందులు ఎక్కించారు. నర్సు జుట్టు ఊడి మళ్ళీ వచ్చింది. పాస్టరు ఆ ఏడాదంతా జడ వేయడం నేర్చుకున్నాడు, కుడివైపు నుంచే. నోటుబుక్కు అడగకుండానే చదివేశాడని ఆమెకు దాంతో తెలిసిపోయింది. ఆమె కార్యదర్శిని అడక్కుండానే గోడకు ఒక మేకు కొట్టి గడియారం తగిలించింది.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం, మళ్ళీ వెళ్ళొచ్చో లేదో చూద్దామని, ఆమె పెట్టె మూత తీసింది. మిరపగింజ ఒక చెయ్యి పట్టుకుంది, పాస్టరు ఇంకో చెయ్యి. ఆయన చెయ్యి ఆమె చెయ్యి కన్నా చల్లగా ఉంది. ఆమె చెప్పులు విప్పడం మర్చిపోయి, రెండు కాళ్ళూ లోపల పెట్టి నిలబడింది. కళ్ళు మూసుకుంది.

ఎడమ పాదం కింద ఏదో కదిలింది. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

"అమ్మా, కళ్ళు తెరువు," అంది మిరపగింజ.

తెరిచి చూస్తే ఆమె పెట్టెలోనే ఉంది. ఎడమ చెప్పు ఒక్కటే నేల మీద, కాలు దింపితే సరిగ్గా తొడుక్కునేలా, బుద్ధిగా పెట్టి ఉంది.