కార్డు మీది పేరు

గుర్వమ్మ బావగారి గొర్ల దొడ్డి ఊడుస్తుండగా ఎదురు కిరాణా దుకాణం నుంచి చోటే మియా కేకేశాడు. "గుర్వమ్మా, నీకే ఫోన్! హైద్రాబాద్ బ్యాంకట!"

ఆ వాడంతటికీ అదొక్కటే ఫోను. పట్నం కంపెనీలో వాచ్‌మన్‌గా చేరినప్పుడు ఆమె భర్త కాగితాల మీద రాసిచ్చిన నంబరూ అదే. గుర్వమ్మ పెంట చేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగెత్తింది. చోటే మియా ముఖం చిట్లించలేదు. చెంబెడు నీళ్లు పోసి, "నిమ్మళంగ మాట్లాడు బిడ్డా" అన్నాడు. ఆ మాత్రం మాట ఆమెతో ఎవరైనా అని ఎన్నాళ్లయిందో.

ఫోన్లో గొంతు ఎంతో మర్యాదగా ఉంది. డబ్బు తీసుకునే కార్డు పాతబడిందట, కొత్తది ఇస్తారట. "ముందు కార్డు మీది పేరు చెప్పండమ్మా." కార్డు గుర్వమ్మ భర్తది. పద్నాలుగేళ్ల కాపురంలో ఆమె భర్త పేరు పలికి ఎరగదు. పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని పెళ్లినాడే అత్త చెప్పింది. "పేరు చెప్పనిదే ముచ్చట లేదమ్మా, మగవాళ్లను పిలవండి" అన్నాడు అవతలి మనిషి. ఆమె పోయి బావను పిలుచుకొచ్చింది.

దుర్గయ్య మీసం దువ్వుకుని ఫోనందుకున్నాడు. "ఎస్ సార్" అన్నాడు. తమ్ముడి పేరు చెప్పాడు. ట్రంకుపెట్టెలోంచి కార్డు తెమ్మన్నాడు, దాంతో దాచిన చీటీ కూడా తెమ్మన్నాడు. "బావా, చీటీల నాలుగంకెలు ఎవ్వలకు చెప్పొద్దన్నడు మీ తమ్ముడు" అంది గుర్వమ్మ. "ఊకో! బ్యాంకోళ్ల కంటె ఎక్కువ ఎరుకనా నీకు? పేడ ఎత్తేదానివి పేడెత్తుకో." అంకెలు ఒక్కొక్కటే గట్టిగా చదివి వినిపించాడు. మర్నాడు టై కట్టుకున్న మనిషి స్కూటరు మీద వచ్చి, రసీదు రాసిచ్చి, పాత కార్డు పట్టుకుపోయాడు. అతనికి చాయ్ పెట్టింది కూడా ఆమే.

ఆ ఖాతాలో ఉన్నది భర్త జీతం కాదు. పెళ్లినాడు తల్లి తోలి ఇచ్చిన రెండు గొర్రెలు ఇరవై రెండయ్యాయి. ఈనిన రాత్రులు వాటి పక్కనే పడుకుంది, గాళ్లొచ్చి డెక్కలు పుండైతే వేపాకు నూరి కట్టింది. ఎకరం చెలక భూమి ఆమె పేరున కొందామని నిరుడు వాటిని అమ్మారు. "ఆడదానికి ఖాతా ఎందుకే, నా దాంట్ల ఉంటే నీది గాదా?" అన్నాడు భర్త. పైకమంతా ఆమే అతని చేతికిచ్చింది. పది రోజుల తర్వాత చెలకకు బయానా ఇద్దామని అతను పట్నంలో బ్యాంకుకు పాసుబుక్కుతో పోతే, ఖాతా ఊడ్చిన దొడ్డిలా ఉంది. చోటే మియా దుకాణానికి ఫోను చేసి ఆ సంగతి చెప్పాడు.

అతను ఊళ్లో బస్సు దిగేలోపే ఇంట్లో మాట ఖాయమైంది. "నంబర్లు నువ్వే చెప్పినవని అను" అంది అత్త. "దుర్గయ్య పదిమందిల తీర్పు చెప్పేటోడు. ఇజ్జత్ పోతది. ఆడదానివి, తెల్వక చెప్పినవంటే ఎవ్వలేమంటరు?" దుర్గయ్య తల పైకెత్తకుండా అన్నం తింటున్నాడు. వడ్డిస్తున్నది గుర్వమ్మే. భర్త వచ్చాడు, విన్నాడు, నమ్మాడు. కొట్టలేదు. "నీ శేతుల లెక్క నీ తెలివి గుడ పెంటనే" అన్నాడు. కొట్టి ఉంటే నొప్పి ఎక్కడుందో తెలిసేది అనుకుంది.

మర్నాడు ముగ్గురూ ఫిర్యాదుకు పోతే, ఠాణాలో కానిస్టేబులు ఆమె ముందుకు స్టూలు జరిపాడు. మగవాళ్లిద్దరూ నిలబడే ఉన్నారు. ఎస్సై అడిగాడు. "ఫోన్ల నంబర్లు ఎవరు చెప్పిన్రు?"

"ఈమెనే సార్, తెల్వక" అన్నాడు దుర్గయ్య.

"ఆమెను చెప్పనియ్యి."

గుర్వమ్మ తన చేతుల వైపు చూసుకుంది. పొద్దున ఆ చేతులతోనే బావ దొడ్డి ఊడ్చి వచ్చింది. రేపూ ఊడ్వాలి. ఈ అబద్ధం ఆడితే చెలక మాట ఇంకెవరూ ఎత్తరు. ఆమే పోగొట్టిందంటారు, అంతే.

"వాడు ముందుగాల కార్డు మీది పేరు అడిగిండు సారూ. నేను నా మొగని పేరు ఇన్నేండ్లల ఒక్కనాడు గుడ నోట అనలె. వాడకట్టంతా ఎరుకే, చోటే మియాను అడుగుండ్రి. పేరు చెప్పినోళ్లే నంబర్లు చెప్పిన్రు."

"ఎవరు?"

"దుర్గయ్య."

భర్త చివాలున తిరిగాడు. "బావను పేరు వెట్టి అంటవా?"

ఎస్సై పెన్ను ఆగింది. "సొమ్ము ఎవరిదమ్మా? ఫిర్యాదు ఎవరి పేరు మీద రాయాలె?"

"నా పేరు మీద రాయుండ్రి. గుర్వమ్మ. అమ్మింది నా గొర్లు." ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. "భర్త పేరు ఐలేశం."

ఆ పేరు ఇంత తేలికగా ఉంటుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.