ఐదొందల పన్నెండు జీబీల సాక్ష్యం

నేను మందుల గోదాములో పనిచేస్తాను. లోపలికొచ్చే ప్రతి పెట్టె మీద రాసి ఉన్నదీ, పెట్టెలో ఉన్నదీ ఒకటేనా కాదా అని చూడటమే నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా అదే పని. వంద సీసాల పెట్టెలో తొంభై తొమ్మిదే ఉంటే, విప్పకుండా ఊపి చూసి చెప్పేస్తానని అక్కడ నాకో పేరుంది. ఆ పేరు తలుచుకుంటే ఇప్పుడు నాకే సిగ్గేస్తోంది. గోదాము గేటు దాటి ఇంటికొచ్చి ఫోను చేతిలోకి తీసుకున్నానంటే చాలు, తెర మీద ఎవడేం రాస్తే అది నమ్మేసే ఇంకో మనిషినైపోతాను.

మా ఆవిడ స్కూలు వాన్ నడుపుతుంది. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు, పద్నాలుగు మంది పిల్లలు. వాన్ స్కూలుదే అయినా ట్రిప్పులయ్యాక మా ఇంటి ముందే ఉంటుంది. ఆ ఉద్యోగం ఆమెకు ఊరికే రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో స్టీరింగ్ పట్టుకుంది. లైసెన్సు పరీక్షలో రెండుసార్లు తప్పింది. మూడోసారి గట్టెక్కింది. మొదటి రోజు పిల్లలందరినీ దించేసి ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూర్చుని తనలో తనే నవ్వుకుంది. అంత నవ్వు నేను మా పెళ్లి ఫోటోల్లో కూడా చూడలేదు.

ఆమె ఉద్యోగానికి నా వంతు సాయం ఉండాలి కదా. ఆ వాన్‌ను నా సామాన్లతో నింపేశాను. అద్దం వెనక రోడ్డును చూస్తూ ఉండే చిన్న కెమెరా పెట్టాను. స్టీరింగ్ కింద గుచ్చే అగ్గిపెట్టెంత పరికరం ఒకటి కొన్నాను. బండికి ఎక్కడ నొప్పి పుట్టినా అది నా ఫోనుకు కబురు చెబుతుంది. దాన్ని మా వీధి చివర మెకానిక్‌కు చూపించి, "ఇక మీ దగ్గరికి రావాల్సిన పని లేదు" అని కోతలు కూడా కోసి వచ్చాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "సంతోషం సార్" అన్నాడు.

కెమెరాలోకి మెమరీ కార్డు కావాల్సి వచ్చింది. దుకాణాల్లో అడిగితే వాళ్లు చెప్పిన ధరలకు నాకు కళ్లు తిరిగాయి. ఆన్‌లైన్లో మాత్రం ఐదొందల పన్నెండు జీబీల కార్డు మీద డెబ్బై ఎనిమిది శాతం తగ్గింపు. పక్కనే ఎర్ర అంకెల గడియారం ఒకటి వెనక్కి పరిగెడుతోంది, ఇంకా పదకొండు నిమిషాలే అని. కింద "మూడే మిగిలాయి" అని ఉంది. రెండు కొనేశాను. ఇంకెవరికో ఒకటైనా వదిలానన్న తృప్తి కూడా కలిగింది. నెల తర్వాత చూసినా అక్కడ మూడే మిగిలి ఉన్నాయి.

రెండు కార్డులూ వచ్చాయి. వాటి మీద కంపెనీ పేరు చదువుదామంటే అచ్చు ఒక్కటీ లేదు, అన్నీ హల్లులే. అయినా ఆ రోజే ఐదు నక్షత్రాలిచ్చి, "ఇంకా వాడలేదు. ప్యాకింగ్ బాగుంది. పూర్తి సంతృప్తి" అని సమీక్ష రాశాను. నూట ఆరుగురు నా మాట తమకు ఉపయోగపడిందన్నారు. వాళ్లను తలుచుకుంటే పాపం అనిపిస్తుంది.

మా ఆవిడ ఒక కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "గోదాములోకి ఇలాంటి సరుకొస్తే దింపుకుంటారా మీరు?" అంది.

"అది వేరు, ఇది వేరు" అన్నాను. ఎలా వేరో ఆమె అడగలేదు, బతికిపోయాను.

ఐదు నెలలు గడిచాయి. ఒక సోమవారం సాయంత్రం వాన్ వెనక బంపరు ఒక మూల లోపలికి నొక్కుకుపోయి ఇంటికొచ్చింది. మా ఆవిడ దిగి గుమ్మంలో నిలబడిందో లేదో, ఆమె ఫోను మోగింది. స్కూల్లో వాన్లన్నీ చూసుకునే మేనేజరు. ఎవరో కారాయన స్కూలుకు ఫోను చేసి, మీ వాన్ వెనక్కొచ్చి నా కారును గుద్దింది, ఆ డ్రైవరును తీసేస్తారా లేదా అని గొడవ పడ్డాడట. "ఏం జరిగిందో మీరు చెప్పండమ్మా" అంటున్నాడు మేనేజరు. పక్కనున్న నాకూ వినిపిస్తోంది.

"మూడో స్టాపులో సార్, నేను పాపను..." అని ఆమె మొదలుపెట్టింది.

నేను ఫోను లాక్కున్నాను.

"సార్, నేను వాళ్లాయన్ని. ఇందులో మాటలతో పనేముంది? వాన్లో కెమెరా ఉంది. వీడియో ఉంది. వాన్ కదిలిందో లేదో, పాలేవో నీళ్లేవో అందులో తేలిపోతుంది" అన్నాను. అంటున్నప్పుడు గొంతు కూడా కాస్త పెద్దదైంది. ఇలాంటి రోజు కోసమే కదా ఇన్ని కొన్నది.

అవతల మేనేజరు ఇక ఆమె మాట అడగలేదు. "వీడియో ఉందంటే ఇక అది చూడకుండా నేను ఏమీ తేల్చలేను కదండీ. గురువారం మధ్యాహ్నం మూడింటిలోపు తెండి. చూసేదాకా మేడమ్‌గారి వాన్ వేరేవాళ్లు నడుపుతారు. అప్పటికీ తేలకపోతే కొత్త డ్రైవరును పెట్టుకోవాల్సి వస్తుంది. పిల్లల తల్లిదండ్రులకు నేను జవాబు చెప్పుకోవాలి మరి."

అదీ నేను చేసిన సాయం. ఒక్క మాటతో తేలిపోయే విషయాన్ని మూడు రోజుల విచారణ చేసి పెట్టాను. మా ఆవిడ నా వైపు చూసింది. "వీడియో ఉంది కదా?" అంది.

"ఉండకేం" అన్నాను.

కార్డు తీద్దామని వాన్ ఎక్కి తాళం తిప్పాను. ఎదురుగా, బండిలో ఏదో తప్పుందని చెప్పే పసుపు దీపం వెలుగుతోంది. నా పరికరానికి పని దొరికిందని ప్రాణం లేచొచ్చింది నాకు. పరికరం గుచ్చి, ఫోను తెరిచి, వచ్చిన తప్పు నంబరు ఏమిటో అయినా చదవకుండా "తుడిచేయి" అన్న మీట నొక్కాను. దీపం ఆరిపోయింది. "రిపేరు కూడా చేసేశాను" అని ఇంట్లోకి వినపడేలా అరిచాను. లోపలినుంచి జవాబు రాలేదు. వంటింట్లో పనిలో ఉందనుకున్నాను.

కార్డును కంప్యూటర్లో పెట్టాను. ఐదు నెలల ఫైళ్లూ తేదీలవారీగా, నిమిషాలతో సహా బుద్ధిగా వరసలో ఉన్నాయి. సోమవారం సాయంత్రం నాలుగూ పది, నాలుగూ పదిహేను, అన్నీ ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. పేర్లే ఉన్నాయి గానీ లోపల ఏమీ లేదు. పైన ఐదొందల పన్నెండు అని రాసి, లోపల పట్టేది ఎనిమిది జీబీలే పెట్టారు. నిండాక వచ్చిందాన్నల్లా పేరు రాసుకుని పారేసిందది. నేను పద్దెనిమిదేళ్లుగా గోదాములో ఎవరి మీదైతే విరుచుకుపడుతున్నానో, అచ్చం ఆ పనే.

తెరుచుకున్నవి మొదటి రోజు ఫైళ్లు మాత్రమే. కెమెరా బిగించాక ఆమె పక్కన కూర్చుని పెట్రోలు బంకు దాకా వెళ్లొచ్చిన రోజువి. అందులో రోడ్డు కంటే నా గొంతే ఎక్కువ ఉంది. "బ్రేకు, బ్రేకు! అయ్యో, అంత దగ్గరగానా!" తర్వాత మా బావమరిదితో ఫోనులో నా హాస్యం. "మీ అక్క డ్రైవింగా? బీమా కాగితాలు జేబులో పెట్టుకుని కూర్చున్నాను బావా!" అన్న మాటలూ, వాటి వెనక నా నవ్వూ.

తల తిప్పితే మా ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"బాగా రికార్డైంది" అని వెళ్లిపోయింది.

"పోయిన ఫైళ్లను వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్లుంటాయి, గురువారంలోపు బయటికి లాగేస్తాను!" అని వెనకనుంచి అరిచాను. నిజానికి అలాంటిదొకటి అప్పటికే తగ్గింపులో కొని డౌన్‌లోడ్ చేస్తున్నాను.

మంగళవారం పొద్దున వేరే డ్రైవరు వచ్చాడు. మా ఆవిడ తాళంచెవి అతని చేతిలో పెట్టి, "రెండో గేరు కాస్త బిగుతు, నెమ్మదిగా వేయండి. వెనక సీట్లో చిన్నబాబుకు కిటికీ పూర్తిగా తెరవొద్దు" అని చెప్పింది. వాన్ మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే ఉంది. ఆ రెండు రోజులూ ట్రిప్పుల వేళకు లేచి తయారై, ఇంట్లోనే అటూ ఇటూ తిరిగింది. సరిగ్గా తినలేదు. నా మీద కోపమొచ్చిందనుకున్నాను. మాట్లాడిస్తే తిడుతుందేమోనని కంప్యూటరు వెనక దాక్కున్నాను.

సాఫ్ట్‌వేరు ఏమీ తేలేకపోయింది. బుధవారం సిగ్గు విడిచి మెకానిక్ దగ్గరికి పోయాను. అంతా విని ఆయన ముఖం వెలిగింది.

"దానికంత బెంగెందుకు సార్? దీపం వెలిగిన క్షణాన బండి ఎంత స్పీడులో ఉందో బండే రాసి పెట్టుకుంటుంది. దెబ్బకే వెలిగి ఉంటే, ఆగి ఉన్నప్పుడు తగిలిందంటే సున్నా అని ఉంటుంది. మీ పరికరంతోనే చదవొచ్చు. ఏదీ, తప్పు నంబరు చూపించండి."

"తుడిచేశాను."

"తుడిచేశారా? ఎందుకు?"

"దీపం ఆరిపోతుందని."

ఆయన నన్ను తిట్టలేదు, నవ్వనూ లేదు. స్టూలు ముందుకు జరిపి, "కూర్చోండి, టీ తాగుదురు గానీ" అన్నాడు. అంతకంటే రెండు తగిలించి ఉంటే బాగుండేది.

గురువారం మధ్యాహ్నం మూడవుతుండగా ఇద్దరం స్కూలుకు వెళ్లాం. మేనేజరు గది చిన్నది. గోడకు వరసగా మేకులు, మేకులకు వాన్ల తాళాలు, ఒక మూల పిల్లలు మరిచిపోయిన నీళ్ల సీసాల గుట్ట. దారంతా నేనొక అబద్ధం తయారు చేసుకున్నాను, ఆ రోజు కెమెరాకు కరెంటు అందలేదని. తీరా కుర్చీలో కూర్చున్నాక నోట్లోంచి నిజమే వచ్చింది. కార్డు నకిలీదని, చవగ్గా వస్తోందని నేనే కొన్నానని, దీపం కూడా నేనే ఆర్పేశానని, ఆమెకు వీటిలో దేనితోనూ సంబంధం లేదని చెప్పేశాను. తల ఎత్తలేకపోయాను.

మేనేజరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "పోనీండి, వాటి సంగతి వదిలేద్దాం. మేడమ్ ఏమన్నారు మీతో? అసలేం జరిగిందట?"

నేను ఆమె వైపు చూశాను.

"తెలీదు సార్" అన్నాను.

"తెలీదంటే?"

"అడగలేదు."

మూడు రోజులు ఒకే ఇంట్లో ఉన్నాం. కార్డును అడిగాను, కంప్యూటర్ను అడిగాను, మెకానిక్‌ను అడిగాను. ఆమెను ఒక్కసారి కూడా అడగలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది.

మేనేజరు ఆమె వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా."

మా ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని, నెమ్మదిగా చెప్పింది. "మూడో స్టాపు సార్. హ్యాండ్‌బ్రేకు వేసి దిగాను. ప్రతి స్టాపులో దిగి, పిల్లల్ని చెయ్యి పట్టుకుని అప్పజెప్పాలని మీరే కదా చెప్పారు. కారు తగిలేసరికి నేను సీట్లోనే లేను సార్. పాప చెయ్యి పట్టుకుని రోడ్డు మీద ఉన్నాను. ఆ కారాయన ఫోను మాట్లాడుకుంటూ వచ్చి గుద్దేశాడు."

మూలనున్న నీళ్ల సీసాల గుట్ట వైపు చూసి మళ్లీ అంది.

"అంతకు ముందు నిమిషమే పాప నీళ్ల సీసా దొర్లితే, వాన్ వెనక్కెళ్లి తీసుకొచ్చాం. ఇంకొక్క నిమిషం ఆలస్యమై ఉంటే ఆ కారుకీ వానుకీ మధ్య మేమిద్దరం ఉండేవాళ్లం. కళ్లు మూసుకుంటే అదే కనిపిస్తోంది సార్."

ఆమె ప్రతి స్టాపులో దిగుతుందని కూడా నాకు ఆ క్షణం దాకా తెలియదు. వంటింట్లోంచి జవాబు ఎందుకు రాలేదో, అన్నం ఎందుకు దిగలేదో అప్పుడు అర్థమైంది.

"చూసినవాళ్లెవరైనా ఉన్నారామ్మా?" అన్నాడు మేనేజరు.

"పాప నాయనమ్మ గేటు దగ్గరే ఉన్నారు. మంగళవారం నాకు ఫోను చేసి, స్కూలుకొచ్చి చెబుతానన్నారు. మా ఆయన వీడియో ఉందన్నారు, ఎలాగైనా తెస్తానన్నారు, పెద్దావిడను ఎందుకు తిప్పడమని నేనే వద్దన్నాను."

మేనేజరు ఫోను తీసి ఆ నాయనమ్మతో మాట్లాడాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. లేచి, గోడ మీంచి తాళంచెవి తీసి ఆమె చేతికిచ్చాడు. "సాయంత్రం ట్రిప్పు మీరే తీసుకెళ్లండి. కారాయనతో నేను మాట్లాడతాను. ఒళ్లు బాగాలేకపోతే రేపటినుంచైనా పర్లేదు."

"తీసుకెళ్తాను సార్" అంది.

బయట వాన్ దాకా ఆమె వెనకే నడిచాను. "ఇంత జరిగితే నాతో చెప్పొద్దా?" అనేశాను. అన్నాక నాలిక కరుచుకున్నాను.

ఆమె ఆగి నా వైపు చూసింది. కోపం లేదు ఆ ముఖంలో, బాగా అలిసిపోయి ఉంది. "మీరు వీడియో ఉందన్నారు. నేను నమ్మాను" అంది. "మీరు చెప్పారంటే చాలనుకున్నాను. నేను చెబితే చాలని మీకే అనిపించలేదు."

ఎక్కి కూర్చుని స్టీరింగ్ మీద చేతులు వేసింది. తాళం మాత్రం తిప్పలేదు. నేను కిటికీ దగ్గరికి వెళ్లి, ఆ చేతుల మీద చెయ్యి వేసి, "చాలా భయపడ్డావా?" అన్నాను.

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. స్కూల్లో బెల్లు మోగింది. పిల్లల గోల మొదలైంది. పైట చెంగుతో కళ్లు తుడుచుకుని అద్దం సరిచేసుకుంది.

"ఇప్పుడొద్దు, పిల్లలొచ్చేస్తారు. ఇంటికొచ్చాక అడగండి, చెప్తాను" అంది.