ఇన్‌క్లెమెంట్ అంటే

ఓడలు కట్టే ఆ యార్డులో అనువాద విభాగం అంటే రెండు బల్లలు, ఒక బీరువా, ఒక ఫ్యాను, అరసున్న. అరసున్న అంటే మనిషే. ఎప్పుడో వాడుకలోంచి జారిపోయిన ఆ చిన్న గుర్తు కోసం సొంతవాళ్లు పోయినంతగా ఇంకా బాధపడుతుంటాడని యార్డంతా ఆయనకి ఆ పేరు పెట్టింది. ఆయన దాన్ని పొగడ్త అనుకున్నాడు. వెక్కిరింపు అయినా సరే, వెక్కిరించడానికైనా వీళ్లకి అరసున్న అంటే ఏమిటో తెలిసినందుకు సంతోషించాలి అన్నాడు.

ఆయనకి లోకం మీద గౌరవం లేదు. నోటీసు బోర్డు మీద ‘జాగర్త’ అని రాసిన గుమాస్తా మీద లేదు, దాని కింద సంతకం పెట్టిన మేనేజరు మీద అసలే లేదు. అక్కకూతురు డిగ్రీ చదివి క్రేను నడపడానికి వెళ్లినప్పుడు “అక్షరం వదిలేసి ఇనుము పట్టుకుంది” అని ఆరు నెలలు మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడాడు గానీ, ఆ పనేమిటో, ఎలా ఉంటుందో ఆరేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

ఆ మేనకోడలు ఒకరోజు పొద్దున్నే గదిలోకి వచ్చి, ఒక కాయితం బల్ల మీద పెట్టింది.

“మామయ్యా, రేపు నా మీద విచారణ. ఇది చదువు.”

చదివాడు. పద్నాలుగో నియమం: వాన పడుతున్నప్పుడు తప్ప క్రేను నడిపేవారు పని మధ్యలో కిందికి దిగరాదు. మంగళవారం చినుకు పడలేదు. ఆమె దిగింది. కాబట్టి ఆమె లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పుకోవాలట. అది పోతే ఈ యార్డులోనే కాదు, ఏ యార్డులోనూ ఆమెని క్రేను ఎక్కనివ్వరు.

“ఎందుకు దిగావు?”

“ఎండకి. పైన క్యాబిన్ అంటే అద్దాల పెట్టె, అంతే. కూలర్ పాడై నెలయింది. కొక్కేనికి ఇనప రేకు వేలాడుతోంది, కింద నలుగురున్నారు. కళ్లు బైర్లు కమ్మాయి. రేకుని జాగ్రత్తగా నేల మీద పెట్టి, ఫోన్లో చెప్పే దిగాను. ఇప్పుడు నీడపట్టున కూర్చున్నవాళ్లు వాన పడిందా అని అడుగుతున్నారు.”

“వాన!” అరసున్న కాయితాన్ని చచ్చిన బొద్దింకని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో ఎత్తాడు. “దీన్ని తెలుగు చేసిన గాడిద ఎవడో! యజమానులు ఇంగ్లీషులో ఏదో పెద్ద మాట రాసుంటారు. ఈ మహానుభావుడికి నోరు తిరగలేదు, వాన అని సరిపెట్టాడు. పొట్టకోస్తే అక్షరమ్ముక్క రానివాళ్లని తెచ్చి కుర్చీలో కూర్చోబెడితే ఇంతే.”

బీరువా తెరిచి, దుమ్ముకి తుమ్ముతూ, ఇంగ్లీషు నియమావళి బయటికి లాగాడు. పద్నాలుగో నియమం దగ్గర వేలు ఆగింది. ఇన్‌క్లెమెంట్ వెదర్.

“ఆహా,” అన్నాడు. ముఖం వెలిగింది. “ఇది మామూలు మాట కాదమ్మా. లాటిన్ నుంచి వచ్చింది. క్లెమెంట్ అంటే దయగలది. దాని ముందు ‘ఇన్’ చేరితే దయలేనిది. మొదట్లో దీన్ని మనుషులకీ వాడేవారు. ఎంత మొత్తుకున్నా కరగని రాజు ఇన్‌క్లెమెంట్, శిక్ష తగ్గించని న్యాయాధిపతి ఇన్‌క్లెమెంట్. పోనుపోను మనుషుల్ని వదిలేసి వాతావరణాన్ని పట్టుకుంది. రాజులంతా మంచివాళ్లయిపోయి కాదులే. మబ్బుని తిడితే ఎవరికీ కోపం రాదు, అందుకు. ఇప్పుడైతే బడికి సెలవిచ్చే నోటీసుల్లో పడి మరీ చప్పబడిపోయింది పాపం.”

“చరిత్ర తర్వాత, మామయ్యా. అందులో ఎండ వస్తుందా రాదా?”

“రాకేం? ఎండా వస్తుంది, గాలీ వస్తుంది, మంచూ వస్తుంది. మనిషిని బతకనివ్వనిది ఏదైనా వస్తుంది.”

“అయితే రేపొచ్చి ఆ మాటే చెప్పు.”

“చెబుతాను. ఆ గాడిద పేరు కూడా అందరి ముందూ బయటపెడతాను.”

ఆమె వెళ్లిపోయింది. గాడిద పేరు కోసం ఆయన చిత్తుప్రతుల కట్టలు విప్పాడు. మూడో కట్టలో దొరికింది. ముప్పై ఏళ్ల నాటి కాయితం, అంచులు పచ్చబడ్డాయి. పద్నాలుగో నియమంలో ముందు ‘ప్రతికూల వాతావరణం’ అని రాసి, కొట్టేసి, పైన ‘వాన’ అని దిద్దారు. పక్కన మార్జిన్లో ఒక ముక్క: క్రేనువాళ్లకి ఈ మాత్రం చాలు.

ఆ అక్షరాలు ఆయనవే. ‘చాలు’లో అరసున్న లేకపోయినా, ‘వాళ్లకి’ కింద ఆ వంకర ఒత్తు ప్రపంచంలో ఇంకెవరూ పెట్టరు.

ఎంత గుర్తుచేసుకున్నా ఆ రోజు గుర్తుకు రాలేదు. తప్పు చేసినందుకన్నా దానికే ఎక్కువ సిగ్గేసింది. ఆ మాట రాయడానికి ఆయనకి అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ తర్వాత ముప్పై వేసవులు ఎవరెవరో ఆ అద్దాల పెట్టెల్లో కూర్చుని వాన కోసం చూశారు. ఆయన కాయితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. చింపేయవచ్చు అనుకున్నాడు. ఇంగ్లీషు ప్రతి చూపిస్తే చాలదా?

చాలలేదు. మర్నాడు విచారణ గదిలో ఏసీ చలికి మేనేజరు కోటు వేసుకుని కూర్చున్నాడు. అరసున్న ఇంగ్లీషు మాట అర్థం చెబుతుంటే పెన్ను మూత తీస్తూ, పెడుతూ విన్నాడు.

“మీ పాండిత్యం బాగుందండీ. కానీ వీళ్లంతా సంతకం పెట్టింది తెలుగు ప్రతి మీద. అప్పట్లో ఎవరో పెద్దాయన బాగా ఆలోచించే కదా వాన అని పెట్టారు? యజమానుల్ని అడిగే రాసుంటారు. పాతకాలం వాళ్ల చదువు మనకెక్కడిది? ఆయన మాట కాదనడానికి మీకూ నాకూ అర్హత లేదు.”

ఆ పెద్దాయనని అంత చక్కగా పొగిడినవాళ్లు యార్డులో ఇంతవరకూ లేరు. ఊరుకుంటే ఆ పొగడ్త ఆయనకే మిగులుతుంది, పేరు బయటికి రాదు. అరసున్న మేనకోడలి వైపు చూశాడు. ఆమె తన చేతులు చూసుకుంటోంది. లివర్లు పట్టి పట్టి కాయలు కాచిన చేతులు. ఆరేళ్లలో ఆయన వాటిని చూడటం అదే మొదలు.

“ఎవర్నీ అడగలేదు,” అన్నాడు.

“మీకెలా తెలుసు?”

“రాసిన గాడిదని నేనే కాబట్టి.”

జేబులోంచి కాయితం తీసి, మార్జిన్లో ముక్కతో సహా పైకి చదివాడు. క్రేనువాళ్లకి ఈ మాత్రం చాలు. మేనేజరు ఆ కాయితాన్నీ, ఆయన్నీ మార్చి మార్చి చూసి, చివరికి విసుగ్గా చెయ్యి ఊపాడు.

“సరే, ఈ అమ్మాయి మీద కేసు లేదు. ఆ కూలర్ సంగతి కూడా చూడమంటాను. మీరు మాత్రం ఆ నియమం సరిగ్గా రాసిచ్చి కదలండి. ఇప్పుడే.”

అరసున్న కలం తీశాడు. అలవాటు కొద్దీ ‘ప్రతికూల’ అని రాసి ఆగాడు. జీవితంలో మొదటిసారి ఒక మాట కోసం ఇంకొకరిని అడిగాడు.

“పైన మీరు దీన్ని ఏమంటారమ్మా?”

“ఆకాశం మాట వినట్లేదు అంటాం. వానైనా, ఎండైనా, గాలైనా అంతే. ఫోన్లో ఆ ఒక్క ముక్క అంటే కిందవాళ్లు పక్కకి తప్పుకుంటారు.”

ఎంత మొత్తుకున్నా వినని రాజు. లాటిన్ దాకా వెళ్లి, నాలుగు నిఘంటువులు తిరగేసి ఆయన పట్టుకున్న అర్థం, నిచ్చెన మీద ఎక్కుతూ దిగుతూ వీళ్లు పలుకుతూనే ఉన్నారు. ఆయన ‘ప్రతికూల’ కొట్టేసి, ‘ఆకాశం మాట విననప్పుడు’ అని రాసి, కాయితం ఆమె వైపు తిప్పాడు.

“ఇది అందరికీ అర్థమవుతుందంటావా?”

ఆమె చదివి, కాయితం వెనక్కి తోసింది.

“మాకు ఎప్పుడో అర్థమైంది, మామయ్యా. నీకే ముప్పై ఏళ్లు పట్టింది.”