గుట్ట కట్టెల బూడిద

కటకం కాలేజీ అమ్మాయి నెల తర్వాత మళ్ళీ వచ్చింది. పోయినసారి పట్టుకెళ్ళిన కట్టెముక్కలూ బూడిదా పరీక్ష చేశారట.

"అడవి కట్టెకీ మీ గుట్ట కట్టెకీ వేడిలో తేడా లేదు, మావుసా," అంది దైతారితో.

దైతారి ఊపిరి పీల్చుకున్నాడు. క్రోమైట్ గనివాళ్ళు తవ్విపోసిన మట్టిగుట్ట మీది తుమ్మలే అతనికి బతుకు. గనిలో మోకాలు చితికాక, పెరట్లో గాడిపొయ్యి తవ్వుకుని ఊరందరి వడ్లూ ఉప్పుడు బియ్యానికి ఉడకేసి పెడుతున్నాడు. అడవి దాకా నడిచే కాలు కాదది.

"కానీ లోహం కాలిపోదు. చెట్టు గుట్టలోంచి పీల్చినదంతా బూడిదలోనే మిగులుతుంది. ఆ బూడిద మొక్కలకు వెయ్యకండి," అని చెప్పి అమ్మాయి జీపెక్కింది.

వడ్లు తెచ్చిన ప్రతి ఇల్లాలూ పోతూ పోతూ తట్టెడు బూడిద పట్టుకుపోతుంది. అది ఊరి రివాజు. ఆకుకూర మడి మీద చల్లితే పురుగు పట్టదు. ఆరేళ్ళుగా ఊరు ఊరంతా పఖాళం చద్దన్నంలో ఆ కూరే నంజుకుంటోంది.

"చెప్పావంటే మన పొయ్యి దగ్గరికి ఒక్కరు రారు," అంది భార్య సుకాంతి.

"చెప్పకపోతే?"

"నన్నడుగుతావేం? నోరు నీది."

మర్నాడు పొద్దున్నే జెమా మావుసి వడ్లు దించి, బూడిద కోసం తట్ట చాపింది. దైతారి చెయ్యి అడ్డం పెట్టాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ముసలమ్మ పకపకా నవ్వింది. "ఒరేయ్, గని మురుగు కలిసి పచ్చగా పారే వాగు నీళ్ళు తాగాం, లారీల దుమ్ము తిన్నాం. ఇప్పుడు నీ బూడిదకొచ్చిందా రోగం? ఎవడికి అమ్ముకుంటున్నావో చెప్పు!"

"అమ్మడం కాదు మావుసీ. విషం."

"గుప్పెడు బూడిద పెట్టలేనివాడి పొయ్యి నాకెందుకు? నా వడ్లు నాకియ్యి."

విషమని భయపడి కాదు, లేదన్నాడని కోపమొచ్చి పోయింది. మధ్యాహ్నానికి మరో మూడిళ్ళ వాళ్ళు వడ్లు తీసుకుపోయారు.

ఎక్కడిది అక్కడే పారేద్దామని దైతారి బూడిద తట్ట నెత్తికెత్తుకుని, కుంటుకుంటూ గుట్టకు పోయాడు. కాపలా ఖిరోద్ లాఠీ అడ్డం పెట్టాడు.

"ఇక్కడ చెత్త పొయ్యకూడదు భాయి. పైవాళ్ళ ఆర్డరు."

"ఇది మీ గుట్టలోదేరా."

"చీటీ ఉందా?"

లేదు. వెనక్కి మోసుకొచ్చాడు. పెరట్లో తన మడిలో ఏపుగా ఉన్న తోటకూరంతా పీకి కుప్పేశాడు. మోకాలు ఓర్చినంత లోతు గుంట తవ్వి, బూడిదా కూరా కలిపి పూడ్చాడు. ఆ మడిలో ఇంకేమీ వెయ్యకూడదు.

గుమ్మంలోంచి సుకాంతి అడిగింది. "అన్నంలోకి ఏం చెయ్యను?"

"ఉల్లిపాయుందా?"

"ఒకటి."

"చాల్లే," అని పార గోడకు చేరేశాడు.