సగం చుట్టు, బండ మోత

మధ్యాహ్నం మిషన్లు ఆగగానే బాలకోటయ్య చెవి, వెనకనున్న షెడ్డు వైపు సాగింది. మూడు రోజులుగా ఇదే వరస. అందరూ అన్నాలకు కూర్చున్న వేళ, ఠప్పుమని ఒక దెబ్బ. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆపైన దడదడమని ఏదో పడిన చప్పుడు.

మాచర్ల దారిలోని ఆ బండల ఫ్యాక్టరీకి పద్దెనిమిదేళ్లుగా అతడే మేస్త్రీ. కోత మిషను పక్కనే నిలబడి, వచ్చిన ప్రతి నాపబండనూ చిన్న సుత్తితో తడతాడు. ఖంగున మోగితే సున్నంతో గీత పెడతాడు. బొంగురుగా పలికితే పక్కకు తోయిస్తాడు. ఆ గీత చూసే నరసరావుపేట షాపువాళ్లు సరుకు దింపుకొనేవారు. అలాంటిది ఈ నెలలో రెండు లోడ్లలో చీలిన బండలు తేలాయి. “మూడోసారి తేలిందా, సుత్తి ఇంకొకడికిస్తా,” అని యజమాని హనుమంతరావు నలుగురిలో అనేశాడు.

ఆ రెండు లోడ్లూ తోలింది డ్రైవరు ఏలియా. మూడో లోడు ఈవేళే బయలుదేరాలి. ఏలియా అన్నాల దగ్గర లేడు. వాడే చాటుగా బండలు చెడగొడుతున్నాడు, సందేహం లేదు. ఎవరి కోసమన్నదే తేలాలి.

బాలకోటయ్య చెప్పులు విప్పి, గోడవారగా నడిచి, షెడ్డులోకి తొంగిచూశాడు. పాలిషు బండలు పరిచిన నేల మీద, చక్రాలున్న కురచ చెక్కనెక్కి ఏలియా ఎగురుతున్నాడు, పడుతున్నాడు, లేస్తున్నాడు.

“ఒరేయ్! నా బండల కాడ ఏందిరా ఈ కోతిగంతులు? ఎవుడు పంపాడు నిన్ను?”

“ఎవుడు పంపుతాడు బాబాయ్? మోకాళ్లు చూడు. జీతమిచ్చినా ఎవుడన్నా ఇట్టా చెక్కించుకుంటాడా?” ఏలియా నవ్వాడు. “స్కేట్‌బోర్డు. మద్రాసులో కొన్నా. ఎగిరి సగం చుట్టు తిరగాలని చూస్తన్నా. ఇంత నున్నటి నేల ఈ చుట్టుపక్కల యాడుంది?”

“ఏదీ, నా ఎదట చెయ్యి.”

ఏలియా వెనక పాదం చెక్క తోకపై, ముందు పాదం నడుమపై నిలిపి, మోకాళ్లు వంచాడు. తోక ఠప్పుమంది. చెక్క అటు, మనిషి ఇటు.

“కాళ్లు తొందరపడ్డయి. ముందు భుజాలు తిరగాల,” అన్నాడు ఏలియా లేస్తూ.

మళ్లీ ఎక్కాడు. భుజాలు తిరిగాయి, భుజాల వెంట నడుము, నడుము వెంట పాదాలు, పాదాల వెంట చెక్క. నాలుగు చక్రాలూ ఒక్కసారే నేలను తాకాయి. వచ్చిన వైపుకే ముఖం పెట్టి, వెనక్కి జారుతూ ఏలియా కేక వేశాడు. ఆ సంబరంలో కాలు తప్పింది; చెక్క దూసుకుపోయి, గోడకు ఆనించి ఉన్న, గీత పెట్టిన బండకు కొట్టుకుంది.

బాలకోటయ్య పరుగున వెళ్లి సుత్తితో తట్టాడు. “బతికిపోయావు. ఏం కాలేదు.”

ఏలియా ముఖంలో నవ్వు ఆగింది. “ఏం కాకపోవడమేంది? అది చీలింది బాబాయ్. మోతే లేదు.”

“నీ తప్పు బండ మీదికి నెడతావురా?”

ఏలియా కుండెడు నీళ్లు తెచ్చి బండ మీద పోశాడు. ఇద్దరూ వంగి చూశారు. రాయంతా ఆరింది, వెంట్రుకంత గీత ఒకటి, ఈ మూల నుంచి ఆ మూలకు, తడిగానే మిగిలింది. బాలకోటయ్య గోటితో గీరాడు. గట్టిపడిన ఎర్రమన్ను రాలింది. అది ఈనాటి దెబ్బ కాదు. క్వారీలోనే పడిన చీలిక. ఈ ఉదయమే తట్టి, సరేనని తాను గీత పెట్టిన బండ.

పక్క బండ తట్టాడు. మళ్లీ దీన్ని తట్టాడు. రెండూ ఒక్కలాగే పలికాయి.

“మిషను కాడ నిలబడీ నిలబడీ నీ చెవికి సన్న మోత వినపడకుండా పోయినట్టుంది బాబాయ్,” అన్నాడు ఏలియా మెల్లగా.

బాలకోటయ్య తలగుడ్డతో తన గీత తుడిచేశాడు. సుత్తిని ఏలియా చేతిలో పెట్టాడు. ఏలియా మరో బండను తట్టి, “ఇది బాగుంది,” అన్నాడు.

బాలకోటయ్య ఆ బండ మీదా నీళ్లు పోసి, తడి గీత ఏదన్నా మిగులుతుందేమోనని ఆరేదాకా అక్కడే నిలబడ్డాడు.